మా అత్త ఉపవాసం, మా మామ చంద్రుడు

మా మామ ఏ ఆచారాన్నైనా దేవుడు చెప్పాడు కాబట్టి పాటించాలని ఏనాడూ అనలేదు. ఆయనతో నా పేచీ అదే. అలా అని ఉంటే నోరు మూసుకుని ఉండేదాన్ని. దేవుడితో వాదించడానికి నాకేం పని? ఆయన ప్రతిదానికీ సైన్సు తెచ్చేవాడు. గడపకి పసుపెందుకు? క్రిములు చస్తాయి. ఉత్తరానికి తలపెట్టి ఎందుకు పడుకోకూడదు? భూమి అయస్కాంతం కాబట్టి. గుళ్ళో గంటెందుకు? ఆ శబ్దానికి మెదడు రెండు భాగాలూ కలిసి పనిచేస్తాయి కాబట్టి. ఆ ఇంట్లో సైన్సు చదివి పట్టా పుచ్చుకున్నది నేనొక్కదాన్నే. ఆడపిల్లల బడిలో ఆ సైన్సే చెప్పి జీతం తెచ్చుకుంటున్నదాన్ని. నా సరుకుని నా ఎదుటే, నన్ను అడగకుండా, ఇష్టమొచ్చినట్టు వాడుకుంటూ ఉంటే ఊరుకోవడం నా వల్ల కాలేదు.

నేను నెల్లూరు నుంచి కోడలిగా వచ్చేనాటికి మా అత్తవారు పుదుచ్చేరిలో స్థిరపడి ఎన్ని తరాలయిందో వాళ్ళకే తెలియదు. పెద్ద బజారులో తాళ్ళూ వలల నూలూ అమ్మే కొట్టు, నెల్లితోపులో ఇల్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, సగం అరవం కలిసిన తెలుగు. ఆ తెలుగు చదవడం మాత్రం వాళ్ళలో ఒక్క మామకే వచ్చు. ఆయన చిన్నప్పుడు ఊరు ఫ్రెంచివాళ్ళది, చదువూ ఫ్రెంచిలోనే. తెలుగు అక్షరాలు వాళ్ళ నాన్న ఇంట్లో కూర్చోబెట్టి దిద్దించాడట. కొట్టు మా ఆయనకి అప్పజెప్పాక ఆయనకి మిగిలిన పెద్ద పని శనివారం సాయంత్రాలు తెలుగువాళ్ళ భజన మందిరంలో ఉపన్యాసం. ఒక చేతిలో తెలుగు పురాణం, ఇంకో చేతిలో పాత కాగితాల వాడి దగ్గర కొన్న ఫ్రెంచి సైన్సు పత్రిక. పురాణం సొంతంగా చదువుకోగలవాళ్ళు ఆ మందిరంలో లేరు. ఫ్రెంచి చదవగల ముసలాయన ఒకరున్నా, పాపం ఆయనకి చెవుడు. కాబట్టి మా మామ చెప్పిందే రెండింటిలోనూ ఉండేది. మా ఇంట్లో ఫ్రెంచి కూడా వేదమే అయి కూర్చుంది.

ఆయన ఉపన్యాసాల్లో జనం మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకునేది ఏకాదశి.

"సముద్రాన్ని లాగేది ఎవురు? చంద్రుడు. ఆటుపోట్ల సంగతి వైతికుప్పం జాలరికి తెలుసు, కురుచికుప్పం జాలరికి తెలుసు. మన ఒంట్లో ఉండేది ఏంది? ముప్పాతిక వంతు నీళ్ళు. అంత సముద్రాన్నే లాగేవాడు నీ కడుపులో నీళ్ళని వదలతాడా? అమావాస్యకీ పౌర్ణమికీ ఆ లాగుడు ముదరతాది. అందుకే దానికి ముందుగానే, ఏకాదశి నాడే, కడుపు ఖాళీ చేసి పెట్టమన్నారు పెద్దోళ్ళు. ఇది భక్తి కాదయ్యా, సైన్సు!"

మందిరమంతా "ఆహా" అనేది. భక్తి కాదు అన్నందుకు భజన మందిరంలో చప్పట్లు కొట్టించుకున్నవాడు మా మామ ఒక్కడే.

ఒక శనివారం ఆయన మందిరం నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే పట్టుకున్నాను.

"మామా, చంద్రుడు సముద్రాన్ని లాగేది నిజమే. మన ఒడ్డున ఎంత లేస్తా ఉంది? మోకాలెత్తు. అంత సముద్రమే మోకాలెత్తు లేస్తే చెంబెడు నీళ్ళు ఎంత లేస్తాయి? పెరట్లో తొట్టి ఏమన్నా పొంగతా ఉందా?"

"కంటికి కనపడితేనే ఉన్నట్టా అమ్మణ్ణీ? క్రిమి కనపడతా ఉందా?"

"కనపడకపోతే తూకానికన్నా అందాల గదా. మన కొట్లో పెద్ద తక్కెడ ఉంది. ఈ పక్క నీళ్ళ బిందె, ఆ పక్క రాళ్ళు. మామూలు రోజొకసారి, ఏకాదశి నాడొకసారి. చూద్దాం."

ఆయన తెలివితక్కువవాడేం కాదు. ఒక్క క్షణం ఆలోచించి, "రాళ్ళని మాత్రం చంద్రుడు లాగడా? రెండు పక్కలా లాగితే ముల్లు యాడ కదలతాది?" అన్నాడు.

మంచి జవాబు. నా క్లాసులో ఏ పిల్లయినా ఆ మాట అని ఉంటే లేపి నిలబెట్టి మెచ్చుకునేదాన్ని.

"నేననేదీ అదే మామా. రాళ్ళనీ లాగతాడు, బిందెనీ లాగతాడు, మిమ్మల్నీ మీ చెప్పుల్నీ కలిపే లాగతాడు. అన్నిటినీ ఒకేలాగా లాగితే, కడుపులో నీళ్ళు విడిగా యాడికి పోతాయి?"

"నువ్వు ఫ్రెంచి చదవలా," అన్నాడాయన చెప్పులు విప్పుతూ. "ఇంగ్లీషోళ్ళ సైన్సు అంతవరకే."

వంటింట్లోంచి అత్త గొంతు వినిపించింది. "ఇద్దరూ ఆ చంద్రుణ్ణి వదిలేసి అన్నానికి రండి. ఆయప్ప కూడా అలిసిపొయ్యుంటాడు."

పరీక్ష అన్నాక ఓడిపోవడానికి వీలుండాలి. మా మామ చంద్రుడికి ఓడిపోయే వీలు ఎక్కడా లేదు. నీళ్ళు లేస్తే చంద్రుడు, లేవకపోతే కంటికి కనపడని చంద్రుడు. దీన్ని సైన్సు అనరు, మొండితనం అంటారు. నాకూ ఉంది కాబట్టి చూడగానే గుర్తుపట్టగలను.

ఆ రోజుల్లోనే బజారు మూల నాస్తికుల సభ ఒకటి జరిగింది. మా ఆయన సరదాకి నన్ను తీసుకెళ్ళాడు. నల్లచొక్కా వేసుకున్న వక్త, పురాణంలో ఒక రాక్షసుడు పూటకి ఎంత అన్నం తినాలి, దానికి ఎన్ని ఎకరాలు సాగు చెయ్యాలి, ఎన్ని పొయ్యిలు కావాలి అని లెక్క కట్టి, చివరికి ఆ అన్నం వార్చిన గంజికే ఊరు మునిగిపోయి ఉండాలని తేల్చాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వారు, నేనూ నవ్వాను. నడిచి ఇంటికి వస్తూ ఉంటే మాత్రం ఒళ్ళు మండింది. ఈయనకీ మా మామకీ తేడా ఏమిటి? ఇద్దరూ పురాణాన్ని సైన్సు పరీక్షకి కూర్చోబెట్టినవాళ్ళే. ఒకాయన తప్పింది అంటాడు, ఒకాయన ఫస్టుక్లాసులో పాసయింది అంటాడు. కథకి జ్వరం చూడటానికి థర్మామీటరు పట్టుకుని తిరిగే మనుషులు ఇద్దరూ. రాక్షసుడు ఎంత తిన్నాడో నాకెందుకు? వాడు ఎవరి కంచం ముందూ కూర్చోలేదు. కాని ఒక పుస్తకం చెప్పిందని చెప్పి ఎవరైనా బతికున్న ఒక మనిషితో "నువ్వు నీళ్ళు తాగొద్దు" అంటే, అది కథ కాదు. అక్కడ పరీక్ష పెట్టాల్సిందే, కనికరం లేకుండా పెట్టాల్సిందే. ఆనాడు మా ఆయనతో ఇదే చెప్పాను. "సరేలే, సభలో చెప్పుంటే నీకూ మైకు ఇచ్చుందురు" అన్నాడు. అప్పటికింకా అది నాకు వాదన మాత్రమే.

మా అత్త పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఏకాదశి ఉండేది. ఆ పాత ఉపవాసానికి దయ ఉండేది. అన్నం తినరు, అంతే. మధ్యాహ్నం ఉప్మా చేసుకునేవాళ్ళు, పళ్ళు తినేవాళ్ళు, పాలు తాగేవాళ్ళు. ఒంట్లో బాగాలేకపోతే ఆ నియమమూ లేదు. కడుపుతో ఉన్నప్పుడు వాళ్ళ అత్తే కంచంలో అన్నం పెట్టి, "లోపల బిడ్డ కూడా ఏకాదశి ఉంటాదా ఏంది, తిను" అనేదట. తరవాత చంద్రుడొచ్చాడు. చంద్రుడు లాగేది నీళ్ళని కాబట్టి గుక్కెడు నీళ్ళు కూడా కూడదని మామ తేల్చాడు. దేవుడు ఒకపూట తింటే ఏమీ అనలేదు, చంద్రుడు మంచినీళ్ళకే ఒప్పుకోలేదు. చెప్పేవాడికి గొంతు ఆరిపోతే ఎలా అని మామకి మాత్రం ఉప్మా, పాలు, పళ్ళు యథాప్రకారం. ఆయన్ని చంద్రుడు విడిగా చూసేవాడు.

అలాంటి రోజుల్లో అత్తకి చక్కెర జబ్బు బయటపడింది. మా వీధి చివర పెద్ద డాక్టరు మాత్రలు రాసి, తరచు మూత్రంలో చక్కెర చూసుకోమన్నాడు. ఆ పని నాదయింది. మందుల షాపులో నీలం ద్రావణం సీసా, ఒక గాజు నాళిక, స్పిరిటు దీపం కొనుక్కొచ్చాను. పెరట్లో తులసికోటకి దూరంగా, అది అత్త పెట్టిన షరతు, నా ప్రయోగశాల వెలిసింది. నీలం ద్రావణంలో కొన్ని చుక్కలు వేసి కాచాలి. రంగు మారకపోతే చక్కెర లేదు. ఆకుపచ్చయితే కొంచెం ఉంది, పసుపయితే ఎక్కువ, ఇటుక రంగయితే డాక్టరు దగ్గరికి పరుగు.

"ఏంది అమ్మణ్ణీ, నా ఉచ్చ కాస్తా ఉండావు? బీయస్సీ చదివింది ఇందుకేనా?"

"ఇందుకే అత్తా. ఊరికే ఇస్తారా పట్టా?"

"ఏం రంగొచ్చింది?"

"పసుపు."

అత్త కాసేపు ఆ నాళికనే చూసింది. "నిన్న పెళ్ళిలో లడ్డు తిన్నా. ఒక్కటే. ఆ సీసా అది కూడా చెప్పేసిందే! నీకంటే పెద్ద చాడీకోరు."

ఆమె ఆ సీసా మాట నమ్మింది. లడ్లు మానేసింది. అక్షరం రాని ఆ మనిషికి సైన్సుతో ఎప్పుడూ పేచీ లేదు. సైన్సు ఆమె ఒంటి సంగతి చెప్పింది, ఆమె వింది. దానికీ పెరుమాళ్ళకీ పోటీ అని ఆమెకి తోచనే లేదు.

మొదట్లో ఏకాదశి నాడు ఆమె మాత్ర కూడా మానేసేది. అది తెలిసి డాక్టరు కోప్పడ్డాడు. ఏ ఒక్క రోజూ మాత్ర మానకూడదని గట్టిగా చెప్పాడు. మార్గశిరంలో వచ్చిన ఏకాదశి నాడు ఆమె ఆ మాట పాటించింది. పొద్దున్నే మాత్ర వేసుకుంది, అది గొంతు దిగడానికి ఎన్ని కావాలో అన్నే నీళ్ళు. ఆపైన ఏమీ లేదు. డాక్టరు మాట విన్నది, మొగుడి మాటా విన్నది. ఇద్దరి మాటా విన్నందుకే పడిపోయింది.

ఆ రోజు బడికి సెలవు కావడం మా అదృష్టం. పెరట్లో మిరపకాయలు ఆరబోస్తున్న మనిషి అలాగే చాప మీద కూర్చుండిపోయింది. నేను వెళ్ళేసరికి రవిక చెమటకి తడిసి ముద్దయింది, చేతులు వణుకుతున్నాయి. "మయక్కంగా ఉంది" అంది. కళ్ళు తిరుగుతున్నాయన్నమాట. తరవాత నా మొహంలోకి చూసి, "ఎవురు నువ్వు? యాడ నుంచి వచ్చినావు?" అంది.

వంటింట్లోకి పరిగెత్తి చక్కెర నీళ్ళు కలుపుకొచ్చాను. ఆమె పళ్ళు బిగించింది. తల అటూ ఇటూ తిప్పింది. "వద్దు. ఏకాదశి" అంది.

కోడల్ని గుర్తుపట్టలేని మనిషికి తిథి గుర్తుంది.

ఆమె తల నా ఒళ్ళో పెట్టుకుని, తడి చక్కెర వేలికి అద్దుకుని, బుగ్గకీ పళ్ళకీ మధ్య రాశాను. మళ్ళీ మళ్ళీ రాశాను. ఆమె నా వేలు కొరికింది. కొరికితే కొరికింది. కాసేపటికి వణుకు తగ్గింది. ఇంకాసేపటికి నన్ను పేరుపెట్టి పిలిచి, "మిరపకాయలు పొర్లిపోయినాయా?" అని అడిగింది. అప్పుడు ఏడ్చాను, అంతకుముందు తీరిక లేకపోయింది.

మామా నేనూ ఆమెని రిక్షాలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. డాక్టరు అంతా విని, మాత్ర వేసుకుని పస్తుంటే ఒంట్లో చక్కెర ఎలా పడిపోతుందో మాకు అర్థమయ్యేలా చెప్పి, ఇక ఏకాదశి గీకాదశి లేదన్నాడు. "మాత్ర మానినా ముప్పే, తిండి మానినా ముప్పే. ఈసారి పక్కన మనిషి ఉంది. ఇంకోసారి లేకపోతే నా దగ్గరికి తీసుకొచ్చే శ్రమ కూడా మీకుండదు."

తిరిగొచ్చే దారంతా మామ అత్త చెయ్యి పట్టుకునే కూర్చున్నాడు. నేను, సరే, ఇంతటితో చంద్రుడి కథ అయిపోయింది అనుకున్నాను. సాయంత్రం అత్త పడుకున్నాక ఆయన హాల్లోకి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"మాత్ర ఉంది చూడు, ఆ మాత్ర చేసింది ఇదంతా. చంద్రుడిది ఏం తప్పు లేదు."

"మామా, మీరు చూశారు గదా ఆమెని?"

"చూసినా. చూసినాను కాబట్టే చెప్తా ఉండా. ఒళ్ళు బలహీనంగా ఉండేటప్పుడు కడుపు నిండా తిని నీళ్ళు తాగిందనుకో, ఆ లాగుడుకి తట్టుకుంటాదా?"

"ఆరోగ్యం లేనివాళ్ళకి మినహాయింపు లేదా మామా? మీ అమ్మ పెట్టలేదా అన్నం?"

"అమ్మకి సైన్సు తెలవదు. భక్తి అయితే మినహాయింపు ఉంటాది అమ్మణ్ణీ. సైన్సుకి ఎట్లా ఉంటాది? నిప్పు ముసలిదాన్ని చూసి కాల్చకుండా ఊరుకుంటాదా?"

ఆయన వాదనలో తప్పు పట్టడానికి ఏమీ లేదు, చంద్రుడొక్కడు తప్ప. ప్రకృతి నియమానికి నిజంగానే దయ ఉండదు. ఆయన కళ్ళలో మొండితనం కూడా లేదు, భయం ఉంది. భార్య తింటే చంద్రుడు ఏం చేస్తాడో అని ఆయన నిజంగానే భయపడుతున్నాడు. పురాణానికి గౌరవం తెద్దామని సైన్సు ముద్ర వేయించాడు. ఆ ముద్ర పడగానే అందులో ఉన్న దయంతా ఎగిరిపోయింది. సైన్సు మిగల్లేదు, పురాణమూ మిగల్లేదు. రెండింటిలోనూ ఉన్న కాఠిన్యం మాత్రం కలిసి ఒకచోట మిగిలింది. మా అత్త దాని కింద పడి ఉంది.

తరవాత వచ్చేది ముక్కోటి ఏకాదశి. సంవత్సరానికి ఒక్కసారి పెరుమాళ్ళ ఉత్తరద్వారం తెరిచే రోజు. ఏ ఏకాదశి మానినా అది మానే మనిషి కాదు మా అత్త. ఒళ్ళు కొంచెం కుదుటపడగానే ఆమె దగ్గర కూర్చున్నాను.

"అత్తా, ఆ రోజు తినాల. మాత్ర వేసుకోవాల, తినాల."

"చూద్దాంలే."

"చూసేదేం లేదు. నీకు చంద్రుడంటే భయమా?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "చంద్రుడు నాకేం తెలుసు? మీ మామ చెప్తాడు, నేను ఊఁ అంటా. నేను పస్తుండేది పెరుమాళ్ళకి."

"మరి నీళ్ళెందుకు మానేసినావు? పెరుమాళ్ళు అడిగినాడా?"

ఆమె చీరచెంగు మడతలు సర్దుకుంది.

"మందిరంలో ఆడోళ్ళంతా నన్నే చూస్తారు అమ్మణ్ణీ. అంత పెద్దమనిషి మైకు ముందర చెప్తా ఉంటే, ఆయన పెళ్ళాం పక్కనే కూర్చుని నీళ్ళు తాగితే ఆ మనిషి మొగం యాడ పెట్టుకుంటాడు? నీళ్ళు మానింది మీ మామ కోసం. అన్నం మానింది సామి కోసం. రెండూ నా ఇష్టంతోనే మానినా. ఎవురూ నన్ను కట్టెయ్యలా."

"ఈసారి పడిపోతే?"

"పడిపోతే ముక్కోటి నాడు పోయింది, పుణ్యాత్మురాలు అంటారు."

ఆమె నవ్వింది. నేను నవ్వలేదు. ఆ మాట ఆమె సరదాకి అనలేదని నాకు తెలిసింది.

ఆమెని సైన్సుతో గెలవలేనని ఆ రోజు నాకు స్పష్టంగా అర్థమైంది. చక్కెర సీసా చెప్పింది ఆమె నమ్ముతుంది. తిండి మానితే పడిపోతానని ఆమెకి డాక్టరు చెప్పనక్కరలేదు, పడి లేచింది. తెలిసే ఒప్పుకుంటోంది. ఒంటికి ఏమవుతుందో సైన్సు చెప్పగలదు. ఒళ్ళు పోయినా ఫర్వాలేదు అనుకునే మనిషితో ఏం చెప్పాలో దానికి తెలియదు. అది దాని పని కాదు. ఆమె ఉపవాసం ఎవరి కోసమో, ఆ పెరుమాళ్ళ వైపు నుంచే మాట రావాలి.

ఆ మధ్యలోనే మా మామ తండ్రిగారి తద్దినం వచ్చింది. ఏటా వచ్చే పురోహితుడే వచ్చాడు. మా ఇళ్ళలో ఆయన్ని వాద్యారు అంటారు. తెలుగు బ్రాహ్మడే, మాటలో అరవమే ఎక్కువ. పని అయ్యాక స్వయంపాకం సంచిలో సర్దుకుని, వెళ్ళేముందు వసారాలో చాప మీద కూర్చున్నాడు. అందరూ అక్కడే ఉన్నారు. నేను ముందుగా ఏమీ అనుకుని రాలేదు. ఆయన్ని చూడగానే నోరు ఊరుకోలేదు.

"స్వామీ, ఒక మాట. చక్కెర జబ్బు ఉండే ఆడమనిషి, అరవై దాటినామె, ఏకాదశి ఉండాల్నా?"

మామ నావైపు ఒక చూపు చూశాడు. వాద్యారు చూడలేదు.

"యాడుంది అట్లా? లేవలేని ముసలివాళ్ళకి లేదు, బిడ్డలకి లేదు, వ్యాధి ఉండేవాళ్ళకి లేదు, కడుపుతో ఉండేవాళ్ళకి లేదు. పాలు, మజ్జిగ తాగచ్చు, పళ్ళు తినచ్చు, మందు ఎటూ తినచ్చు. మందుకి ఏ వ్రతమూ చెడదు."

"ఆమె వినదు స్వామీ. మానితే వ్రతభంగం అంటాది."

"మానాల్సిన పనేముంది? ఆమె బదులు ఇంకొకరు ఉంటే సరిపోయె." ఆయన తాపీగా తాంబూలం మడుచుకుంటూ అన్నాడు. "మొగుడు ఉండచ్చు. పెళ్ళాం కోసం ఉంటున్నానని పొద్దున సంకల్పం చెప్పుకుని, పూర్తిగా ఉపవాసం ఉండాల. ఫలం ఆమెకే పోతాది. ఆమె సుఖంగా తిని పెరుమాళ్ళని సేవించచ్చు. కొత్తగా చెప్పేది కాదు శెట్టిగారూ, మీ తాతగారు మీ అవ్వ కోసం ఉండేవారని మా నాయన చెప్తా ఉండె."

అత్త తలుపు పక్కన నిలబడి ఉంది. ఆమె మొహంలో అలాంటి ఆశ నేను ముందెప్పుడూ చూడలేదు.

మామ గొంతు సవరించుకున్నాడు. "అదెట్లా కుదరతాది వాద్యారే? చంద్రుడు ఆమె ఒంట్లో నీళ్ళని గదా లాగేది? నేను పస్తుంటే ఆమెకి ఎట్లా..."

"చంద్రుణ్ణి నేనేం చెయ్యలేను శెట్టిగారూ. ఆయన ఇందులో యాడా రాలేదు."

ఇక నేను ఆగలేదు. ఆగే స్వభావం నాది కాదు కూడా.

"మామా, ఇప్పుడు మీరే తేల్చండి. ఏకాదశి సైన్సు అయితే మీ పస్తు ఆమెకి దమ్మిడీకి పనికిరాదు. ఆమె పస్తుండాల్సిందే, పడిపోవాల్సిందే. డాక్టరు చెప్పింది మీరూ విన్నారు. ఏకాదశి పెరుమాళ్ళది అయితే మీరు ఉండండి, ఆమె తింటాది. రెండూ కావాలంటే కుదరదు. మీ చంద్రుడా, మా అత్తా?"

"ఏమ్మే, పెద్దోళ్ళతో ఆ మాటలేంది!" అని అత్త నన్ను గదమాయించింది. గదమాయించి, మొగుడి వైపే చూస్తూ నిలబడింది. మా ఆయన గోడ మీద కాలెండరు చదవడం మొదలుపెట్టాడు. వాద్యారు సంచి భుజాన వేసుకుని, "నేనొస్తా" అని మెల్లగా జారుకున్నాడు.

మామ ఆ రోజు నాకు జవాబు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. అన్నానికి పిలిస్తే వచ్చేవాడు, తిని లేచేవాడు. నడకకి వెళితే తిరిగి రావడానికి ఆలస్యమయ్యేది. ముక్కోటికి ముందు వచ్చిన శనివారం మందిరంలో ఏకాదశి మీద ఉపన్యాసం ఉండనే ఉంది. నేనూ వెళ్ళి ఆడవాళ్ళ వరసలో అత్త పక్కనే కూర్చున్నాను. ఫ్రెంచి పత్రిక ఆయన చేతిలో లేదు. పురాణం తెరిచి, పెరుమాళ్ళ ద్వారం తెరుచుకునే కథ చదివి, అర్థం చెప్పి, పుస్తకం మూసేశాడు. సైన్సు ఒక్క ముక్క లేదు. జనం కొంచెం నిరాశపడ్డారు. వెనక నుంచి ఒకాయన ఉండబట్టలేక అడిగేశాడు కూడా.

"సామీ, చంద్రుడి సంగతి చెప్పలేదే?"

"ఈ పుస్తకంలో లేదు," అన్నాడు మామ.

దాన్నిబట్టి కూడా నేను ఏమీ తేల్చుకోలేకపోయాను. అత్త అసలే తేల్చుకోలేదు. ముక్కోటి ముందు రోజు ఆమె నాతో, "ఆయన్ని బలవంతం చెయ్యబాకు. ఆయన ఉండకపోతే నేనుంటా. అంతే" అంది. నేను మర్నాడు బడికి సెలవు పెట్టాను. చక్కెర డబ్బా వంటింటి గట్టు మీద, చేతికి అందేచోట పెట్టుకున్నాను.

తెల్లవారుజామున లేచి చూస్తే బావి దగ్గర నీళ్ళ చప్పుడు. మామ నా కంటే ముందే లేచి స్నానం చేస్తున్నాడు. తడి పంచెతోనే దేవుడి గూటి ముందు కూర్చుని, వాద్యారు దగ్గర ఎప్పుడు వెళ్ళి నేర్చుకున్నాడో ఏమో, తడుముకుంటూ సంకల్పం చెప్పుకున్నాడు. మధ్యలో అత్త పేరు వచ్చింది. ఆమె వాకిట్లో ముగ్గుపెడుతోంది. పిండి చేతితో అలాగే ఆగిపోయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నోట ఆమె పేరు వినడం నాకు అదే మొదలు. బహుశా ఆమెకీ అదే.

గుడికి వెళ్ళి, ద్వారం దాటి, ఎండెక్కకముందే తిరిగొచ్చాం. అత్తకి మాత్ర ఇచ్చి, గోధుమ దోశ పోసి కంచంలో పెట్టాను. ఆమె కంచం వంక చూస్తూ కూర్చుంది, ముట్టుకోలేదు. మామ వచ్చి ఎదురుగా పీట వేసుకున్నాడు.

"తిను."

"మీరు..."

"నేను ఉండాను గదా. తిను."

ఆమె తిన్నది. ఆయన చూస్తూ కూర్చున్నాడు. పొద్దెక్కేకొద్దీ ఆయన మొహం పీక్కుపోయింది. అరవై ఏళ్ళు దాటిన ఆ మనిషి ఒక్క పూట కూడా పూర్తిగా పస్తుండి ఎరగడు. వాలుకుర్చీలో కళ్ళు మూసుకుని పడుకున్నాడు. మధ్యాహ్నం నాకే ప్రాణం ఆగక, మజ్జిగ గ్లాసు పట్టుకుని వెళ్ళాను. నాకు ఏ ఫలం మీదా నమ్మకం లేదు. ఒకరు పస్తుంటే ఇంకొకరికి పుణ్యం ఎలా పోతుందో ఏ తక్కెడా తూచలేదని నాకు తెలుసు. తూచమని అడగాలని కూడా అనిపించలేదు.

"కొంచెం గొంతు తడుపుకోండి మామా. మజ్జిగకి ఏమీ కాదు, వాద్యారు కూడా అన్నాడు."

"అది జబ్బు ఉండేవాళ్ళకి చెప్పినాడు. నాకు కాదు." ఆయన కళ్ళు తెరవలేదు. "నేను తాగితే ఆమెది పోతాది."

గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను. వాదించడానికి నా దగ్గర బోలెడు ఉంది, ఒక్కటీ వాడలేదు. వంటింట్లోంచి అత్త గొంతు, ఇన్ని రోజులుగా లేని నిబ్బరంతో, వినిపించింది.

"అమ్మణ్ణీ, ఆకలేస్తా ఉంది. ఇంకొక దోశ పొయ్యి."